మొలతాడు కింద నల్ల పొక్కు

మా అన్న కూతురు ఈ మధ్యే స్టాఫ్ నర్సుగా చేరింది. చేరిన వారానికే ఫోన్ చేసింది. "అత్తా, పురుగు కుట్టిందని అచ్చేటోళ్లే సగం మంది ఉన్నరు. పుస్తకాలల్ల గిట్ల లేదు. నేనేం జెయ్యాలె?" అంది. చెప్పడం మొదలుపెట్టాను. నల్లుల గురించి చెబుతుండగానే దాని డ్యూటీ టైమైపోయింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. అది ఒక్కతే కాదు, కొత్తగా తెల్లకోటు వేసుకున్న పిల్లలెవరైనా చదువుకోవచ్చు.

ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేశాను. సిరిసిల్లలో మొదలుపెట్టి, ఎల్లారెడ్డిపేట, బుగ్గారం వైపు పల్లెలు తిరిగి, చివరికి జగిత్యాల జిల్లాలో ఒక చిన్న దవాఖానాలో ముగించాను. ఇప్పుడు కోరుట్లలో నా ఇంట్లో నేను, నా దోమతెర. ప్రమోషన్ల గురించి, ఎవరికి ఎన్ని రిపోర్టులు పంపానన్న దాని గురించి నన్ను అడగొద్దు. అవి రాస్తే నాకే నిద్రొస్తుంది. నేను రాసేది పురుగుల గురించి, వాటికంటే ఎక్కువగా మనుషుల సిగ్గు గురించి. ఒక పెద్దమనిషి ప్రాణం నా తప్పు వల్ల అంచు దాకా వెళ్లింది. అసలు కథ అది. దాని దగ్గరికి మెల్లగా వస్తాను, ఎందుకంటే అంతకు ముందు నేర్చుకున్నవి తెలియకపోతే ఆ తప్పు ఎంత పెద్దదో మీకు అర్థం కాదు.

కాళ్లున్నయా, లేవా?

మా వైపు పాము పేరెత్తరు. "పురుగు ముట్టింది" అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు తనే నడుచుకుంటూ వచ్చి, "పురుగు ముట్టింది సిస్టరమ్మా" అన్నాడు. నేను ఏ గొంగళిపురుగో అనుకుని గులాబీ రంగు లోషన్ సీసా మూత తిప్పుతున్నాను. వెనక నుంచి మా డాక్టరమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ మనిషి పంచె కొద్దిగా పైకి ఎత్తించింది. చీలమండ మీద రెండు గాట్లు.

ఆయన్ని పడుకోబెట్టి, కాలు కదలకుండా కట్టి, జీపులో పెద్ద దవాఖానాకు పంపాం. బతికాడు. జీపు వెళ్లాక డాక్టరమ్మ నన్ను నిలబెట్టి కడిగేసింది.

"పురుగంటే ముందుగాల ఏమడుగుతవ్?"

"ఏ పురుగని, మేడం."

"కాదు. కాళ్లున్నయా, లేవా అని అడుగు."

అప్పటి నుంచి నా మొదటి ప్రశ్న అదే. నవ్వేవాళ్లు నవ్వారు. నవ్వగలిగినవాడికి ప్రమాదం తక్కువని అదొక ధైర్యం కూడా.

ఆ డాక్టరమ్మ నోరు మంచిది కాదు. చెయ్యి మాత్రం బంగారం. నేను చూసిన ఆఫీసర్లలో తియ్యగా మాట్లాడి ఏమీ నేర్పనివాళ్లే ఎక్కువ. తిట్టి నేర్పే పెద్దలు దొరికితే వదులుకోకండి, తిట్లు సాయంత్రానికి మరిచిపోతారు, పని మిగులుతుంది.

సిరిసిల్ల సాంచాల మధ్య

నేను పుట్టిందే సిరిసిల్లలో, పద్మశాలి ఇంట్లో. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఆ టకటక చప్పుడు లేకపోతే చిన్నప్పుడు నాకు నిద్ర పట్టేది కాదు. కాబట్టి సాంచాల వాడలో ఉన్న చిన్న దవాఖానాలో నాకు డ్యూటీ పడితే, పుట్టింటికి వచ్చినట్టే అనుకున్నాను.

అక్కడ రోజూ వచ్చేది నల్లుల గోల. దోమకాటు ఎక్కడపడితే అక్కడ ఒక్కొక్కటిగా ఉంటుంది. నల్లి అట్లా కాదు, నడుస్తూ తింటుంది. మెడ మీదో, ముంజేతి మీదో మూడో నాలుగో దద్దుర్లు ఒకే వరసలో కనిపిస్తే అనుమానం దానిమీదే. సబ్బుతో కడిగి, చల్లటి తడిగుడ్డ వేసి, దురద ఎక్కువైతే డాక్టరు చెప్పిన గోళీ ఇస్తే మనిషికి సరిపోతుంది. అసలు వైద్యం మంచానికి చేయాలి. ఎండలో వేసి, మంచంకోళ్ల సందుల్లో సలసల కాగే నీళ్లు పోయించాలి.

చిక్కంతా ఎక్కడంటే, ఇంట్లో నల్లులున్నాయని ఎవరూ ఒప్పుకోరు. "మీ ఇంట్లో నల్లులున్నాయా?" అని అడిగిన ఆడమనిషి నాతో నెల రోజులు మాట్లాడలేదు. తరువాత ఉపాయం కనిపెట్టాను. "ఈ నడుమ మీ ఇంటికి చుట్టాలెవరన్న అచ్చిండ్రా?" అని అడిగేదాన్ని. అంతే, కట్ట తెగినట్టు వచ్చేది జవాబు.

"అచ్చిండ్రు సిస్టర్! మా ఆడిబిడ్డ భీవండి నుంచి అచ్చి పది దినాలున్నది. ఆమె సంచులకెళ్లే దిగినయి అవి!"

పాపం ఆ ఆడబిడ్డ. కానీ మంచం మాత్రం ఎండలో పడింది.

ఇక రాజేశం సంగతి. సాంచాలు నడిపే మనిషి, నలభై ఏళ్లుంటాయి. ఒక పొద్దున భార్య భుజం పట్టుకుని నడిపించుకు వచ్చింది. మెడ మీద ఎర్రగా వాతలాంటి చార, దాని మీద చిన్న చిన్న నీటి పొక్కులు, వాటి చుట్టూ ఎర్రమట్టి జాజుతో గీసిన సింహం బొమ్మ. మా దగ్గర సర్పి, అంటే ఒంటి మీద పాములా పాకే పొక్కుల జబ్బు, లేస్తే కుమ్మరాయనతో అట్లా బొమ్మ గీయిస్తారు. సర్పి మెడ చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే మనిషి పోతాడని నమ్మకం. రాజేశం అద్దంలో చూసుకుంటూ అది ఎంత దూరం వచ్చిందో వేళ్లతో కొలుచుకుంటున్నాడు.

"ఇంక నాలుగు వేళ్ల జాగనే ఉన్నది సిస్టర్. పిల్లలు చిన్నోళ్లు," అని ఏడ్చాడు.

ఆ వారంలో అదే సాంచాల షెడ్డు నుంచి వచ్చిన అయిదో మనిషి అతను. సర్పి అట్లా ఒక షెడ్డు మీద పగబట్టి రాదు. పైగా సర్పి లేవబోయే ముందు రెండు మూడు రోజులు ఆ చోట మంట, పోటు ఉంటాయి, ఒంటికి ఒక పక్కనే లేస్తుంది. వీళ్లకు పడుకునేటప్పుడు ఏమీ లేదు, లేచేసరికి చార. ఒకాయనకు మోచేయి మడతలో పైనొకటి, కిందొకటి అచ్చు గుద్దినట్టున్నాయి. మా డాక్టరమ్మ షెడ్డుకు వెళ్లి ట్యూబులైట్ల కింద చూసి రమ్మంది. వెళ్లాను. గోడ మీద పెద్ద చీమంత పొడుగున్న పురుగులు, తలా తోకా నలుపు, నడుము ఎరుపు. పక్కనే వరి మడులు, కోతలు నడుస్తున్నాయి. పొలంలో ఉండాల్సిన పురుగు వెలుగు చూసి లోపలికి వచ్చింది.

అది కుట్టదు, కరవదు. మెడ మీద పాకితే మనమే చటుక్కున కొడతాం. నలిగిన పురుగు రసం చర్మాన్ని కాలుస్తుంది. కాబట్టి వైద్యం సగం ఒక్క మాటలోనే ఉంది, కొట్టకండి, ఊదండి. నలిగితే వెంటనే సబ్బు నీళ్లతో బాగా కడగాలి, ఆ చేతితో కళ్లు ముట్టుకోవద్దు, చల్లటి గుడ్డ వేయాలి, డాక్టరు ఇచ్చిన పూతమందు రాయాలి. వారం పది రోజుల్లో మచ్చ మిగిల్చి పోతుంది. రాజేశానికి ఇదంతా చెబితే నమ్మలేదు. చివరికి మెడ మీద ఆ చార ఎంతవరకు ఉందో పెన్నుతో గీత గీసి, "రేపు ఈ గీత దాటితే నన్నడుగు" అన్నాను. దాటలేదు. మూడో రోజు మిఠాయి పొట్లంతో వచ్చి, సింహమే కాపాడిందని నాకు చెప్పి వెళ్లాడు. మిఠాయి తిన్నాను, సింహంతో నాకు తగాదా లేదు.

అగ్గిపెట్టెలో తెమ్మంటే

కుట్టిన పురుగును, అది చచ్చిన తరువాత, ఖాళీ అగ్గిపెట్టెలో తెమ్మని ఊళ్లలో చెప్పేదాన్ని. పేరు చెబితే పొరపాటు పడతారు, చూపిస్తే పడరు. మా జనం నా మాట అతిగా విన్నారు. బుగ్గారం వైపు ఒక ముసలమ్మ టిఫిను డబ్బాలో బతికున్న తేలును తెచ్చి, నా మందుల బల్ల మీద మూత తీసింది. ఆ రోజు కంపౌండరు ఎంత ఎత్తు ఎగరగలడో నాకు తెలిసింది.

అది నల్లటి పెద్ద తేలు. చూస్తే గుండె జారుతుంది కానీ మా దగ్గర ఎక్కువ భయపడవలసింది దానికి కాదు, వేలంత కూడా లేని ఎర్రటిదానికి. పిట్ట కొంచెం, కూత ఘనం. కుట్టిన చోట నొప్పి ఉండి మనిషి మామూలుగా ఉంటే కొంత ధైర్యం చెప్పవచ్చు. చెమటలు కారిపోవడం, వాంతులు, చేతులూ కాళ్లూ చల్లబడటం మొదలైతే ఉల్లిగడ్డ రుద్దుతూ, మంత్రం పెట్టిస్తూ కూర్చోవద్దు. చిన్నపిల్లలైతే అసలు ఆగొద్దు, పెద్ద దవాఖానాకు పంపండి. తేనెటీగ కుడితే ముల్లును గోటితో గీరి వెంటనే తీసేయండి. పెదవులు ఉబ్బి, ఊపిరి బిగుసుకుని, కళ్లు తిరుగుతున్నాయంటే అది తేనెటీగ కాటు కాదిక, ప్రాణాపాయం. తొడకు వేసే సూదిమందు ఎక్కడుందో కళ్లు మూసుకుని తీయగలగాలి మీరు.

ఇవన్నీ నొప్పి పెట్టేవో, మండేవో, దురద పెట్టేవో. మనిషి తనంతట తనే వాటిని చూపిస్తాడు. నన్ను దెబ్బ తీసింది నొప్పి లేనిది.

దొర నడుము

ఊరి పేరు రాయను. బీర్పూర్ అవతల అనుకోండి. ఆయనను నర్సింగరావు అందాం. ఒకప్పటి దొరల ఇల్లు, ఇప్పుడు మామిడితోట, వరి, కొడుకు చేసే ఎరువుల వ్యాపారం. ఊళ్లో ఇంకా దొర అనే పిలిచేవారు. మనిషి మంచివాడు, కానీ బిగుసుకుపోయిన మనిషి. ఓపీ గదిలోకి వస్తే లైను దానంతటదే పక్కకు జరిగేది, ఆయన దాన్ని గమనించేవారు కూడా కాదు.

వానాకాలం. తోటలో నడుం దాకా గడ్డి పెరిగింది. కూలీలతో కోయిస్తూ ఆయన కూడా గట్టు మీద కూర్చునేవారు. మూడు రోజులుగా జ్వరమని దవాఖానాకు వచ్చారు. ఆ రోజు డాక్టరు జగిత్యాలలో మీటింగుకు పోయాడు.

"సిస్టర్, ఒక సూదెయ్యి, పోత."

డాక్టరు లేనప్పుడు సూది వేయడం నా మొదటి తప్పు. దొర కదా అని వేశాను. ఆయన గోడ వైపు తిరిగి, పంచె రెండు వేళ్ల మందం దించారు, అంతకు మించి దించరు. సూది వేస్తుంటే మొలతాడు కింద నుంచి నల్లగా, మిరియపు గింజంత ఏదో తొంగి చూసింది. మిగతాది తాడు కిందే ఉంది.

"సార్, ఇక్కడ నొస్తుందా?"

"లేదు."

"దురద?"

"లేదన్న గద."

మొలతాడు బిగుతై ఒరుసుకుందనుకున్నాను. మా వైపు సగం మంది మగవాళ్లకు అక్కడ నల్లటి కమిలిన మచ్చ ఉంటుంది. "కొబ్బరినూనె రాసుకోండ్రి సార్," అన్నాను. తాడు పక్కకు జరిపి చూస్తే అయిపోయేది. జరపలేదు. మగవాడి మొలతాడు తీసేది పాడె మీదే, బతికున్నవాడి తాడు మీద పరాయి చెయ్యి పడకూడదని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. అందులోనూ దొర తాడు. ఇంత చదివి, ఇంత చూసి, నా చెయ్యి అక్కడ ఆగిపోయింది.

జ్వరం తగ్గలేదు. ఊళ్లో సూదులేసే ఆయన ఇంటికే వచ్చి సెలైన్లు పెట్టాడు. రక్తం పరీక్షలో టైఫాయిడ్ చూపించిందన్నారు. మా వైపు ఏ జ్వరానికి ఆ పరీక్ష చేయించినా టైఫాయిడే చూపిస్తుంది, అది నా అభిప్రాయం, ఎవరైనా కోప్పడితే కోప్పడండి.

నోరు విప్పాను

నేను సూది వేసిన నాలుగో రోజు పొద్దున్నే ఆయన్ని కారులో దవాఖానాకు తెచ్చారు. ఊపిరి ఎగబీలుస్తున్నారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి, కొడుకును పట్టుకుని ఎవరివి నువ్వని అడుగుతున్నారు. అప్పటికి మా డాక్టరు చదువు ముగించి ఏడాది కూడా కాలేదు. మీసం సరిగా రాని ఆ పిల్లాడు గుండె, పొట్ట చూసి, "ఇది టైఫాయిడ్ లెక్క లేదు. ఒంటి మీద ఏడన్న నల్ల పొక్కు ఉన్నదా? నొప్పి లేకుండ, మాడిన తోలు లెక్క?" అని అడిగాడు.

భార్య సుశీలమ్మ లేదంది. కొడుకు చేతులు, కాళ్లు వెతికి లేదన్నాడు.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఒక్క నిమిషం కంటే ఎక్కువ ఉండదు కానీ ఆ నిమిషంలో నేనెంత చిన్నదాన్నో చూసుకున్నాను. రిటైరవ్వడానికి రెండేళ్లే ఉంది. ఈ ఇంటి నుంచి ఒక్క ఫోను పోతే ఏమవుతుందో ఆలోచించాను. అటు ఆయన ఒక్కో ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తున్నారు. నాకు నా మీదే అసహ్యం వేసింది.

"ఉన్నది సార్. నడుము కాడ, మొలతాడు కింద. సూదేసిన నాడు నేను చూసిన. ఒరుసుకున్నదనుకున్న. తప్పు నాది," అన్నాను.

కొడుకు నా వైపు తిరిగాడు. "చూసి చెప్పలేదా!" అన్నాడు. డాక్టరు అప్పటికే పంచె దగ్గరికి వంగాడు. సుశీలమ్మ అడ్డం పడింది.

"బతికున్న మనిషి మొలతాడు తెంపుతరా? వద్దు, నా పానం పోయినా ఒప్ప!"

"తెంపమమ్మా. ఇగో, మీ చెయ్యితోనే జరుపుండ్రి. మేం చూస్తం, గంతే," అన్నాను. ఆమె తాడు ఒక అంగుళం పైకి జరిపింది.

చిన్న బొత్తామంత నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. మంచం నల్లి కాదు, గడ్డిలో, పొదల్లో ఉండే వేరే నల్లి, దాని పిల్ల కుట్టిన చోటు అది. కంటికి సరిగా కనిపించదు, బట్ట బిగుతుగా ఉన్న చోట, మడతల్లో చేరి కుడుతుంది, నొప్పి తెలియదు. తరువాత వచ్చే జ్వరం మనిషిని తినేస్తుంది. దానికి మందు ఖరీదైనది కాదు, మా అలమరలోనే ఉంది. ఆ పిల్లాడు ఆయన్ని కూర్చోబెట్టించి, నిండు గ్లాసు నీళ్లతో మింగించి, అంబులెన్సు ఎక్కించాడు. చీటీ మీద నేను పెద్ద అక్షరాలతో "నడుము దగ్గర నల్ల పొక్కు" అని రాసి దాని కింద రెండు గీతలు గీశాను.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పొద్దున కొడుకు నుంచి ఫోన్. ఎత్తడానికి భయం.

"సిస్టర్, బాపు లేచిండు. జెరం దిగింది. ఉప్మాల ఉప్పు లేదని గా దవాఖానల లొల్లి వెడుతుండు."

దేవుడి పటం ముందు కూర్చుని హాయిగా ఏడ్చాను. తరువాత ఉప్మా చేసుకుని తిన్నాను.

మీకు చెప్పేది ఇదే. జ్వరం మనిషి వస్తే చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, మొలతాడు కింద, చీర ముడి కింద చూడండి. పరదా వేసి, అడిగి, మర్యాదగా చూడండి, కానీ చూడండి. నొప్పుందా, దురదుందా అని అడిగి లేదంటే వదిలేయకండి. తప్పు చేస్తే పెద్దగా చెప్పండి. మీ పరువు పోతే తిరిగి వస్తుంది.

ఓపీ రోజు

రెండు వారాల తరువాత ఓపీ కిటకిటలాడుతోంది. కారు ఆగింది. నర్సింగరావు గారు చిక్కిపోయారు కానీ నడక అదే. వెనక సుశీలమ్మ. లైను పక్కకు జరిగింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. పదిమందిలో తిట్టడానికే వచ్చుంటారు, పడాల్సిందే అని లేచి నిలబడ్డాను.

"కూసో బిడ్డా," అన్నారు. నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. తరువాత జనం వైపు తిరిగారు.

"ఈ సిస్టర్ తప్పు చేసింది. చేసిన్నని అందరి ముంగట ఒప్పుకున్నది, గందుకే నేనున్న. నేను గూడ తప్పు చేసిన. సిగ్గుకు నడుము చూపియ్యలే."

అని చొక్కా ఎత్తి, మొలతాడు బొటనవేలితో పైకి జరిపారు.

"అయ్యో, గిదేం పని! మంది ముంగట!" అని సుశీలమ్మ చెంగు అడ్డం పెట్టబోయింది. ఆయన చెంగు పక్కకు తోసేశారు.

"చూడుండ్రి. గిట్లుంటది. నొయ్యదు, దురద వెట్టదు. ఎవలికన్న ఉంటే దాసుకోకుండ్రి."

కొందరు తల దించుకున్నారు, కొందరు మెడలు సాచారు. మానుతున్న మచ్చ, గులాబీ రంగులో. ఎవరూ నవ్వలేదు. గోడ వారన కూర్చున్న ఆడవాళ్లలో నుంచి ఒక గొంతు సన్నగా వచ్చింది. మల్లవ్వ, ఆయన తోటలో గడ్డి కోసిన మనిషి. చెంగు మెడ చుట్టూ కప్పుకుని జ్వరంతో వణుకుతోంది.

"సిస్టర్... నాకు గూడ గట్లనే ఒకటున్నది. చీర ముడి కింద. నొస్తలేదని ఎవలకు చెప్పలే."

నేను లేచేలోపే ఆయన కదిలారు. ఎప్పుడూ తన కోసం పక్కకు జరిగే ఆ లైనును చేతులు చాపి తనే రెండు పక్కలకూ జరిపారు.

"జరుగుండ్రి, తొవ్వ ఇయ్యుండ్రి. ఆమెను ముందుగాల పోనియ్యుండ్రి."

మల్లవ్వ గోడ పట్టుకుని లేచి, ఆయన ముందు నుంచి తల వంచకుండా నడిచి నా దగ్గరికి వచ్చింది. నేను పరదా లాగాను.